వార్తయు, నేరమును, నవ్వును
(తొలి హాలీవుడ్డు పత్రికాచిత్రములును, మన ‘మిస్సమ్మ’యును)

హాస్యమునకు కరుణభయానకములు విరోధిరసములని మన యాలంకారికులు నిర్ణయించిరి. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున నీ విరోధములను ఒక్కొక్కటిగా పేర్కొనినాడు. దీనికి లోకానుభవమును సాక్షియే. చావు జరిగిన యింట నవ్వువానిని మనము సహింపము. ఉరికంబము ప్రక్కన నిలిచి పరిహాసమాడువానిని మనుష్యులలో లెక్కింపము. అట్లుండగా, తెల్లవారినచో ఉరితీయబడవలసిన వాడొకడును, వాని చావునకై కాచియుండి కాలక్షేపమునకు పేకాడుకొను విలేఖరుల గుంపొకటియు గల కథ 1928 మొదలు నేటివరకును ప్రేక్షకులను నవ్వించుచునే యున్నది. శాస్త్రము తప్పినదా? లేక, ఆ నవ్వులో శాస్త్రము చెప్పిన మర్మమే వేరొక విధమున పనిచేయుచున్నదా? ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన ప్రశ్న యిది.

తెలుగు శాఖవారి సంచికలో విదేశీయ చలనచిత్రముల ప్రసంగ మేలయని కొందరు శంకింపవచ్చును. నాటకమును దృశ్యకావ్యమని గౌరవించిన సంప్రదాయము మనది. దాని సంతతియైన చలనచిత్రమును వెలివేయుట తగదు. అంతేకాక ఈ ప్రశ్నకును, ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి పరిసరములకును ఒక సంబంధము గలదు. నేరపరిశోధనమును హాస్యముతో మేళవించి తెలుగువారిని మెప్పించిన తొలితరపు చిత్రములలో మేలైన ‘మిస్సమ్మ’ (1955) ఈ నేలకు చెందిన కళాకారుల చేతిమీదుగా రూపొందినది. ఆ చిత్రము హాలీవుడ్డు పత్రికాచిత్రముల ననుకరించినదని మా వాదము కాదు. ఒకే సమస్యను రెండు సమాజము లెట్లు రెండు విధముల పరిష్కరించుకొనెనో చూపుటయే మా యుద్దేశము.

మొదట హాలీవుడ్డు సంగతి. 1927లో ‘ది జాజ్ సింగర్’ వెలువడిన పిదప చలనచిత్రమునకు మాట వచ్చెను. మాట వచ్చినతోడనే మాటలు వ్రాయువారు కావలసివచ్చిరి. మూకీచిత్రములకు కథలల్లినవారందరును సంభాషణ వ్రాయజాలినవారు కారు. అందుచే నిర్మాతలు నాటకకర్తలను, వారితోపాటు పత్రికావిలేఖరులను పిలిపించుకొనిరి. విలేఖరికి వృత్తివలన రెండు గుణము లబ్బును. వీధిలోని మాట వాని చెవికి పట్టియుండును. గడువులోపల వ్రాసి యిచ్చుట వానికి అలవాటైయుండును. అట్లు వచ్చినవారిలో అగ్రగణ్యుడు బెన్ హెక్ట్. ఇతడు షికాగో నగరమున ‘డైలీ న్యూస్’ పత్రికలో పనిచేసినవాడు. ఇతడును, అట్లే షికాగో పత్రికలలో పనిచేసిన చార్లెస్ మెకార్థరును కలసి వ్రాసిన ‘ది ఫ్రంట్ పేజ్’ అను నాటకము 1928 ఆగస్టులో న్యూయార్కున ప్రదర్శితమయ్యెను. 1931లో లూయీ మైల్‌స్టోన్ దానిని చలనచిత్రముగా తీసెను. 1940లో హోవార్డ్ హాక్స్ అదే కథను ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ అను పేర మరల తీసి, విలేఖరి పాత్రను స్త్రీగా మార్చెను.

కథ సంగ్రహముగ నిది. నేరవిచారణ న్యాయస్థాన భవనములో విలేఖరులకొక గది గలదు. ఒక పోలీసువానిని చంపిన ఎర్ల్ విలియమ్స్ అను దీనుని మరునాటి యుదయమున ఉరితీయవలసియున్నది. ఎన్నికలు దగ్గరపడినవి. ఉరి జరిగినచో తమకు వోట్లు కలసివచ్చునని నగరపాలకుడును, షెరీఫును తలంతురు. శిక్షను నిలుపు ఉత్తరువు తెచ్చినవానికి లంచమిచ్చి దూరముగ పంపజూతురు. ఇంతలో ఖైదీ తప్పించుకొని ఆ విలేఖరుల గదిలోనికే వచ్చును. హిల్డీ జాన్సన్ అను విలేఖరి యీ వృత్తిని మాని పెండ్లిచేసుకొని వెడలిపోదలచియున్నవాడు. అతడు ఖైదీని మూతగల పెద్ద వ్రాతబల్లలో దాచును. సంపాదకుడు వాల్టర్ బర్న్స్ వచ్చి, ఖైదీతోసహా ఆ బల్లను తన పత్రిక కార్యాలయమునకు మోయించుకొనిపోవ జూచును. మనిషిని రక్షింపవలెనని కాదు, ఆ వార్త మరియొక పత్రికకు దక్కరాదని!

ఈ నాటకము వెలువడిన పిదప పదిపన్నెండేండ్లపాటు ఇట్టి చిత్రములు వరుసగ వచ్చెను. ‘బ్లెస్డ్ ఈవెంట్’ (1932)లో లీ ట్రేసీ నగరపు గుట్టులను బయటపెట్టు వదరుబోతు రచయిత. ‘పిక్చర్ స్నాచర్’ (1933)లో జేమ్స్ కాగ్నీ నేరగాండ్ర ముఠాను విడిచి పత్రికలో ఛాయాచిత్రకారుడుగా కుదిరినవాడు. 1936 మొదలు 1939 వరకు వార్నర్ సంస్థవారు టార్చీ బ్లేన్ అను స్త్రీవిలేఖరి కథలను తొమ్మిదింటిని తీసిరి. వానిలో ఏడింట గ్లెండా ఫారెల్ ఆ పాత్రను ధరించెను. పోలీసులకంటె ముందే హంతకుని కనిపెట్టి, ఆ వార్తను టెలిఫోనులో చెప్పివేయుట ఆమె పని. ‘నథింగ్ సేక్రెడ్’ (1937)లో రేడియము విషమువలన చావనున్నదని నమ్మబడిన యువతిని ఒక పత్రిక నగరమంతట నూరేగించును. ఆమె చావబోవుటలేదను సంగతి బయటపడకుండ దాచుటయే పిదప కథ. దీనికిని రచయిత బెన్ హెక్ట్‌యే.

ఈ చిత్రముల యాకర్షణమునకు సామాన్యముగ మూడు కారణములు చెప్పుదురు. మొదటిది వేగము. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’లో ఒకరి మాట ముగియకముందే మరియొకరి మాట ప్రారంభమగును. ప్రేక్షకునకు ఊపిరి సలుపదు. రెండవది కాలము. 1929 ఆర్థికపతనము పిదప పనులు లేక, అధికారులయెడ నమ్మకము చెడియున్న జనమునకు, జేబులో కాసు లేకున్నను పెద్దలను నిలదీయగల విలేఖరి తమవాడుగ తోచెను. మూడవది ఉద్యోగినియైన స్త్రీ. పురుషునితో సమముగ పనిచేసి, సమముగ మాటాడగల నాయిక ఆ తెరమీద తరచుగ కనబడినది విలేఖరి వేషముననే. ఈ మూడును సత్యములే. కాని యివి చాలవు. వేగము పోరాటచిత్రములందును గలదు. పేదవాని తిరుగుబాటు నేరగాండ్ర చిత్రములందును గలదు. ఉద్యోగిని యితర వృత్తుల కథలందును గలదు. మృత్యుసన్నిధిని పుట్టిన నవ్వు మనకు రోతపుట్టింపక ప్రీతినేల కలిగించినదను ప్రశ్నకు ఇందేదియు ప్రత్యుత్తరము కాదు.

దానికి ప్రత్యుత్తరము ఆనందవర్ధనుని యందు దొరకునని మా యభిప్రాయము. ధ్వన్యాలోకము తృతీయోద్యోతమున నతడు విరోధిరసములను పొసగించు నుపాయములను చెప్పినాడు. ఒకే యాశ్రయమున నిలువజాలని రసములను వేర్వేఱు పాత్రలయందు నిలుపుట ఒక యుపాయము. వెంటవెంటనే వచ్చినచో చెడు రసములనడుమ మూడవ రసము నొకదానిని వ్యవధానముగ నుంచుట రెండవది. నాగానందమున శాంతశృంగారములకు నడుమ అద్భుతమును నిలిపిన విధమును దీనికి ఉదాహరణముగ చూపుదురు.

ఈ దృష్టితో ‘ది ఫ్రంట్ పేజ్’ కథను చూచినచో దాని నిర్మాణము విశదమగును. కరుణమున కాశ్రయము ఉరిశిక్ష పడిన ఎర్ల్ విలియమ్స్. వానియందు దయచూపిన మాలీ మలాయ్ అను పతిత. హాస్యమున కాలంబనము విలేఖరులు, సంపాదకుడు, అధికారులు. మనము ఎర్ల్ విలియమ్స్‌ను చూచి నవ్వుట లేదు. వానిని చూచియు చూడనివారిని గాంచి నవ్వుచున్నాము. ఇది ఆశ్రయభేదము. ఇక వ్యవధానముగ నిలిచినది యేది? అది విలేఖరి యొక్క ఉత్సాహము. ఉత్సాహము వీరమునకు స్థాయి. హిల్డీ జాన్సన్ రైలు తప్పిపోవుచున్నను, పెండ్లికుమార్తె యేడ్చుచున్నను, వార్త చేతికి చిక్కగనే ఒడలు మఱచి వ్రాయ కూర్చుండును. తన పనియందు నిమగ్నుడైనవానిని చూచుట మానవున కెల్లపుడు నొక యానందము. కుమ్మరి సారె యొద్దనో, సాలెవాని మగ్గము నొద్దనో నిలిచి చూచుచుండిపోవు బాలుని యానంద మిట్టిదే. ఈ కార్యోత్సాహము నడుమ నిలిచి, అటు చావును ఇటు నవ్వును ఒండొంటికి తగులకుండ కాచుచున్నది. పత్రికావృత్తిని గూర్చిన నేరహాస్యముల యాకర్షణమునకు మూలమిదియని మా నిర్ణయము.

అయిన నీ కట్టడము చాల సున్నితమైనది. కరుణమున కాశ్రయమైన మనిషి తెరమీదినుండి పూర్తిగ తొలగినచో మిగులునది హాస్యము కాదు, క్రౌర్యము. ఉత్తమ రచయిత లీ సంగతి నెఱిగినవారు. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’లో మాలీ మలాయ్ విలేఖరుల గదికి వచ్చి, తనను గూర్చియు ఎర్ల్‌ను గూర్చియు వారు వ్రాసిన అసత్యములకు వారిని నిలదీయును. ఆమెను హిల్డీ వెలుపలికి తీసికొనిపోయిన పిదప, అంతవరకు వదరుచుండిన గది మూగవోవును. తరువాత నామె మరల వచ్చి, ఖైదీ దాగిన సంగతి విలేఖరులకు చిక్కకుండుటకై కిటికీలోనుండి దూకివేయును. నవ్వుల చిత్రమున నిట్టి ఘట్టమేల యనునది యడుగదగిన ప్రశ్నయే. మేమన్ననో, ఆ ఘట్టమే చిత్రమునకు నైతికమైన ఆయువుపట్టు అందుము. ఎవరికి ఆ సంగతి ‘వార్త’ కాదో, ఎవరికది ప్రాణమో, అట్టి వ్యక్తి యొక్కమారైన మనకు గోచరింపవలెను. అపుడే మన నవ్వు విలేఖరులమీదికి మరలును. టార్చీ బ్లేన్ చిత్రములు వినోదకరములయ్యు నిలువకపోవుటకు కారణ మిదియే. వానిలో హతుడు కథను కదలించు మిషయే కాని మనుష్యుడు కాడు.

దీనికి మరుకోణమునను సాక్ష్యము గలదు. 1931లోనే మెర్విన్ లెరాయ్ ‘ఫైవ్ స్టార్ ఫైనల్’ అను చిత్రమును తీసెను. దాని మూలనాటకమును వ్రాసిన లూయీ వైట్జెన్‌కార్న్ కూడ పత్రికలవాడే. ఇరువదేండ్లనాటి హత్యకథను, పత్రిక యమ్మకము పెంచుటకై సంపాదకుడు మరల త్రవ్వితీయును. ఎపుడో శిక్షవిముక్తయై సంసారము చేసికొనుచున్న స్త్రీయు, ఆమె భర్తయు ఆత్మహత్య చేసికొందురు. ఇందు వ్యవధానము తొలగినది, ఉత్సాహమే అపరాధమైనది. అందుచే నవ్వు నిలువలేక కథ విషాదముగ పరిణమించినది. రెండు కథలకును వస్తు వొక్కటే: ఇతరుని కష్టము తమ జీవనోపాధియైనవారి చరిత్ర. ఒక దానిలో ఆ పాపము నవ్వబడినది, రెండవదానిలో శిక్షింపబడినది. రెండింటను నిందించినవారు వృత్తిలోనివారే యగుట గమనింపవలెను.

ఇక తెలుగుదేశమునకు వత్తము. పత్రిక, నేరము, హాస్యము అను మూడింటి సంగమము మనకు క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, న్యాయస్థానములందలి లంచగొండితనమును బయటపెట్టిరి. ఆ పత్రికాకృషి వెంటనే వారి ప్రహసనములు పుట్టినవి. ‘వ్యవహారధర్మబోధిని’ వకీళ్ల మోసములను, కూటసాక్షులను నవ్వులపాలు చేసినది. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ (1897, మార్చి పెంచిన కూర్పు 1909) చివరి యంకములలో హత్యానేరవిచారణ గలదు. చంపబడినదనుకొన్న పెండ్లికూతురు చావనేలేదు. ఆమె ఆడువేషమునందలి బాలుడు. చావు లేనిచోట చావును కల్పించి దానిచుట్టు పెద్దమనుష్యుల నాడించుట యందు ఈ నాటకము ‘నథింగ్ సేక్రెడ్’ కంటె ఎంతో ముందున్నది.

అయినను ఒక భేదము. వీరేశలింగముగారి నవ్వు వకీలుమీదను, అధికారిమీదను, పురోహితునిమీదను పడినది. పత్రికమీద పడలేదు. పడుట కవకాశమును లేదు. నాడు పత్రిక వృత్తి కాదు, వ్రతము. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ‘ఆంధ్రపత్రిక’, ముట్నూరి కృష్ణారావుగారి ‘కృష్ణాపత్రిక’ స్వాతంత్ర్యోద్యమమునకు గొంతులు. గుడిలోని దేవునివలె గౌరవింపబడు వస్తువునుగూర్చి లోనివారు నవ్వుకొన్నను పైకి నవ్వరు.

మరియొక కారణము భౌగోళికము. దినపత్రికయైన ‘ఆంధ్రపత్రిక’ 1914 మొదలు, ‘ఆంధ్రప్రభ’ 1938 మొదలు మదరాసున అచ్చయ్యెను. మదరాసు–హౌరా రైలుమార్గముమీద నున్న ఏలూరునకును, తాడేపల్లిగూడెమునకును పత్రికల కట్టలు రైలులో దిగెడివి. అచటినుండి కొల్లేటి లంకలకు పోవలెనన్నచో పడవయే గతి. షికాగోవానికి పత్రిక యనగా తన వీధిలోని కార్యాలయము, రాత్రియెల్ల వెలుగు దీపము, కేకలువేయు సంపాదకుడు. మనవారికి పత్రిక యనగా దూరమునుండి వచ్చిన కాగితము. దానిని వ్రాయువానిని చూచినవారరుదు. ఊరి విలేఖరి వకీలో, బడిపంతులో అయియుండి, తీరిక వేళ వార్త పంపెడివాడు. కనుక మన జీవితమున పత్రిక ప్రవేశించినది వార్తాగృహముగ కాదు. చదివి వినిపింపబడు సంపాదకీయముగను, పరీక్షాఫలితములుగను, ‘కావలెను’ అను ప్రకటనగను. 

సరిగ ఆ ప్రకటనతోనే ‘మిస్సమ్మ’ కథ కదలును. అప్పాపురపు జమీందారు తన పాఠశాలకు పట్టభద్రులైన దంపతులు కావలెనని పత్రికలో ప్రకటించును. ఉద్యోగములేని యువకుడును (రామారావు), అప్పులవానిచే పీడింపబడుచున్న క్రైస్తవ యువతి మేరీయును (సావిత్రి) దంపతులమని యబద్ధమాడి అచటికి పోదురు. జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి చిన్ననాడు ఉత్సవపు సందడిలో తప్పిపోయినది. ఆమెను వెదకు బాధ్యతను తనంత తాను వహించినవాడు జమీందారు మేనల్లుడైన డిటెక్టివు రాజు. దేవదాసుగ ప్రేక్షకులను కంటతడిపెట్టించిన నాగేశ్వరరావుగారు రెండేండ్లలోనే యీ హాస్యపు డిటెక్టివు పాత్రను ధరించుట విశేషము.

ఈ చిత్రమును తీసినవారిని గమనింపుడు. నిర్మాతలైన నాగిరెడ్డి చక్రపాణులు అచ్చుయంత్రముల నడుమ మెలగినవారు. 1947లో ‘చందమామ’ను స్థాపించినవారు. చక్రపాణి వంగకథలను తెనిగించిన రచయిత. ఈ కథకును మూలములు వంగభాషలోనివే: రవీంద్రనాథ మైత్రా నాటకము ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’, శరదిందు బందోపాధ్యాయుని ‘డిటెక్టివ్’. దర్శకుడు ఎల్. వి. ప్రసాదు ఏలూరు సమీపమున సోమవరప్పాడులో 1908లో జన్మించినవాడు. హిందీ, తెలుగు, తమిళ భాషలలోని తొలి టాకీలు మూడింటను నటించిన వ్యక్తి. జమీందారు పాత్రధారి ఎస్. వి. రంగారావు 1918లో నూజివీట జన్మించెను. ఆ పట్టణము 2022లో నేర్పడిన ఏలూరు జిల్లాలో చేరినది. వారి గుట్టు నెఱిగి సేవకుడుగ వెంటవచ్చు దేవయ్య పాత్రను ధరించిన రేలంగి వెంకట్రామయ్య తాడేపల్లిగూడెమున స్థిరపడి, అచట ‘రేలంగి చిత్రమందిరము’ను కట్టించి, 1975లో అచటనే కన్నుమూసెను. నాగేశ్వరరావు కొల్లేటికి నైరృతి దిక్కున నున్న గుడివాడ ప్రాంతపు రామాపురమువాడు. చిత్రము మదరాసున తయారైనను, దాని నవ్వునకు ఈ పల్లపు నేల నుడికారము, తొట్రుపడని మాటతీరు అబ్బినవని మేము తలంతుము. రేలంగి నవ్వించునపుడు పరుగెత్తడు. ఎదుటివాని మాట పూర్తికానిచ్చి, ఒక్క లిప్త ఆగి, మాటాడును. హాక్స్ చిత్రమున మాటమీద మాట పడుట యెట్లు హాస్యహేతువో, ప్రసాదు చిత్రమున మాటకును మాటకును నడుమనున్న యెడము అట్లు హాస్యహేతువు.

ఇపుడు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూతము. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ నాయకుడు సంపాదకుడు. నాయిక యాతనినుండి విడాకులు పొందిన భార్య, విలేఖరి. భార్యాభర్తలు కాని యిద్దరు ఒకే వృత్తిచే బంధింపబడియున్నారు. ‘మిస్సమ్మ’లోను భార్యాభర్తలు కాని యిద్దరు ఒకే యుద్యోగముచే బంధింపబడియున్నారు. ఉభయత్ర వివాహమును ఉద్యోగమును చిక్కుపడి, ఒక దానిని విప్పినచో రెండవది యూడిపోవునట్లున్నది. ఉభయత్ర మూలమున నున్నది అవసరము, అబద్ధము. కాని యబద్ధపు దిక్కు వేఱు. అచట పత్రిక లోకమునకు అబద్ధము చెప్పును. ఇచట పత్రికలోని ప్రకటన నిరుద్యోగులచేత అబద్ధము చెప్పించును. అచట పరిశోధనము వార్తకొఱకు. ఇచట తప్పిపోయిన బిడ్డకొఱకు.

ఈ చివరి భేదము ముఖ్యము. రాజు వెదకునది నేరగానిని కాదు, ఇంటి ఆడపడుచును. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లవంటి సమ్మర్దమున బిడ్డచేయి వదలిపోవునను భయమెట్టిదో తెలిసిన ప్రేక్షకునకు, ఆ వెదకులాట యెంత నవ్వు పుట్టించినను దానియడుగున తల్లి కడుపుకోత యున్నదని చెప్పనక్కరలేదు. కరుణమును హాస్యమును ఇచట ఒకే కుటుంబమున నివసించుచున్నవి. వెదకువాడు బంధువు, వెదకబడునది బంధువు. రెంటినడుమ అపేక్ష యున్నందున, హాలీవుడ్డు చిత్రమునకు వలె వృత్త్యుత్సాహమును వ్యవధానముగ నిలుపవలసిన పని లేకపోయెను. అందుచేతనే ‘మిస్సమ్మ’ నవ్వు నొప్పింపదు. ఎన్నిమార్లు చూచినను ఎవనికిని అన్యాయము చేసితిమను స్మృతి మిగుల్పదు.

అయితే యిందులకు మనము చెల్లించిన మూల్యమును చెప్పకుండుట విమర్శ కాదు. అపరిచితుని కష్టమును గూర్చి మన హాస్యము మౌనము వహించినది. ఎర్ల్ విలియమ్స్ ఎవనికిని బంధువు కాడు. వాని పాదముమీద పుట్టుమచ్చను గుర్తించి అక్కున చేర్చుకొను తల్లిదండ్రులు కథ చివర రారు. అట్టివానియెడ అధికారులు, పత్రికలు, చదువరులు ఎట్లు ప్రవర్తింతురను ప్రశ్నను హాలీవుడ్డు చిత్రము మొగమాటము లేక అడిగినది. ‘మిస్సమ్మ’ అడుగదు. అందు అపరిచిత కడకు కూతురగును. కూతురు కాకపోయినచో నేమి? ఆ ప్రశ్న మనకు మిగిలియే యున్నది.

ఆ కొఱత తీరుట కవకాశములు పిమ్మట రాకపోలేదు. 1986లో నరసాపురమున జన్మించిన జంధ్యాల, మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలననుసరించి ‘చంటబ్బాయ్’ని తీసెను. అందు డిటెక్టివు హాస్యనాయకుడు, పత్రికాసంపాదకుడును గలడు. తన కవితలతో నాతనిని వేధించు రచయిత్రిగ శ్రీలక్ష్మి నటన నేటికిని జనులనోళ్ల నానుచున్నది. కాని యచటను నవ్వులపాలైనది పత్రిక కాదు, పత్రికకు వ్రాయజూచిన పామరురాలు. సంపాదకుడు బాధితుడే కాని అపరాధి కాడు. కలము పట్టినవాడు తన్నుతాను చూచి నవ్వుకొనుట యింకను జరుగలేదు.

ఇంతలో వార్తాగృహము మన వీధికి నడచివచ్చినది. 1960లో ‘ఆంధ్రజ్యోతి’ విజయవాడనుండి వెలువడెను. 1974లో విశాఖపట్టణమున ‘ఈనాడు’ ప్రారంభమై, 1989లో జిల్లా సంచికలను నెలకొల్పెను. ఇతర పత్రికలును అదే త్రోవ పట్టినవి. ఏలూరు వీధిలోని తగవు, తాడేపల్లిగూడెము బజారులోని దొంగతనము, కొల్లేటి గట్టుమీది ఘర్షణ మరునాటికే అచ్చులో కనబడసాగినవి. పిదప దృశ్యవార్తలు రేయింబవళ్లు ప్రసారములయ్యెను. షికాగోవలెనే మనకును ఇపుడు విలేఖరుల గది గలదు; పోటీ గలదు; గడువు గలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినపుడు కెమెరాలు నగరమున గుమిగూడినవి. ఆ నీరు పల్లమునకు దిగి చేరవలసినది కొల్లేటికే. నీటికి గల ఆ క్రమము వార్తకు లేదు. ఎచట దృశ్యము భయంకరముగ నుండునో అచట వార్త నిలుచును. ఎచట నీరు మెల్లగ పెరిగి మెల్లగ తీయునో అచటికి రానే రాదు. ఇట్టిదానిని గూర్చి కోపముతో వ్రాసినవారు కలరు. నవ్వుతో వ్రాసినవా రరుదు.

కోపముకంటె నవ్వు మేలా యని యడుగవచ్చును. ఈ విషయమున మేలే యని మా తలంపు. కోపించువాడు తాను నేరమునకు వెలుపల నున్నాననుకొనును. ‘ది ఫ్రంట్ పేజ్’ను చూచి నవ్వు ప్రేక్షకునకు ఆ సౌకర్యము లేదు. ఎర్ల్ విలియమ్స్ ఉరికై కాచుకొనియున్నది విలేఖరులు మాత్రమే కాదు; మరునాడు కాసిచ్చి ఆ పత్రికను కొను చదువరియు నట్లే కాచుకొనియున్నాడు. నవ్వు నడుమ మాలీ మలాయ్ కిటికీనుండి దూకినపుడు గదిలోనివారితోపాటు మనమును ఒక క్షణము తల వంచుకొందుము. ఆ క్షణమునకై తక్కిన యావద్వేగమును, చాతుర్యమును అమర్చబడినవి.

హెక్ట్, మెకార్థరులు తమ వృత్తిని ద్వేషించి ఆ నాటకమును వ్రాయలేదు. దానిని మిక్కిలిగ ప్రేమించి, దాని తప్పుల నెఱిగి, రెండింటిని దాచక వ్రాసిరి. వీరేశలింగముగారు ప్రహసనమును పత్రికకు తోబుట్టువుగ పెంచిరి. ప్రసాదు, రేలంగి, రంగారావు, నాగేశ్వరరావులు అపేక్షతో కూడిన నవ్వెట్లుండునో చూపిరి. ఆ అపేక్షను బంధువులు కానివారికిని విస్తరింపజేసి, పంతులుగారి ప్రహసనపు చూపును పత్రికమీదికే త్రిప్పిన తెలుగు రచన యొకటి రావలసియున్నది. అట్టి రచనకు వస్తువు కొల్లేటి లంకలలోను, ఏలూరు న్యాయస్థానపు వరండాలోను, తాడేపల్లిగూడెము రైలునిలయపు పత్రికల దుకాణమునొద్దను కావలసినంత గలదు. దానికి కరుణ నొకచోటను, నవ్వు నొకచోటను నిలిపి, నడుమ పనివాని యుత్సాహము నుంచగల నేర్పు మాత్రమే కావలెను. ఆ నేర్పునకు సూత్రము మన శాస్త్రముననే యుండుటను గుర్తించుటకు ఈ పరిశీలనము కొంతయైన తోడ్పడినచో మా శ్రమ సార్థకమైనట్లే. విజ్ఞులు తక్కినది విచారింతురు గాక.